వీధి చెట్టు విలువ: నీడ లెక్క, నీటి లెక్క



ఏప్రిల్ నెలలో మధ్యాహ్నం రెండు గంటల వేళ బెంగళూరులోని ఏ పాత పేటలోనైనా ఒక రోడ్డు చివరి నుంచి చివరికి నడిచి చూస్తే ఒక సంగతి కంటపడుతుంది. మనుషులు రోడ్డంతటా సమంగా ఉండరు. నిద్రగన్నేరు చెట్టు కింద ఆటోలు వరుసగా ఆగి ఉంటాయి. వాటి పక్కన కొబ్బరిబొండాల బండి, ఆ పక్కన ఇస్త్రీ బల్ల, కొంచెం అవతల చెప్పులు కుట్టే మనిషి. నీడ ముగిసిన చోట ఆ వరుసా ముగుస్తుంది. మళ్లీ చెట్టు వచ్చేదాకా రోడ్డు ఎండకు వదిలేసినట్టు ఖాళీగా ఉంటుంది. పొద్దున పనికోసం కూలీలు చేరే అడ్డా కూడా చాలాచోట్ల ఒక చెట్టు మొదలే. ఆ వరుసల్లో అనంతపురం, చిత్తూరు, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చినవారి మాట వినిపించని పేట ఈ నగరంలో అరుదు.

ఆ నీడకు అద్దె లేదు. అద్దె లేదు కనుక రసీదు లేదు. రసీదు లేదు కనుక ఏ ఖాతా పుస్తకంలోనూ అది జమ కాదు. చెట్టును కొట్టేటప్పుడు మాత్రం దానికి ఒక ధర కడతారు. అది కలప ధర. నలభై ఏళ్లుగా ఎందరి బతుకుకో కప్పుగా నిలిచిన చెట్టు, టింబరు డిపోలో ఇన్ని ఘనపు మీటర్ల దుంగగా తేలుతుంది. వీధిచెట్టు గురించి సాగే వాదాలన్నింటికీ మూలం ఈ లెక్కలోని లోపమే.

ఈ లోపాన్ని సరిచేయాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన టి.ఎం. దాస్ అనే ఆచార్యుడు 1979లో, యాభై ఏళ్లు బతికిన ఒక చెట్టు చేసే సేవల విలువ 15.70 లక్షల రూపాయలని లెక్కకట్టాడు. ఆ అంకె అప్పటినుంచి పాఠశాలల గోడల మీద, అటవీశాఖ బోర్డుల మీద తిరుగుతూనే ఉంది. ఆ తరువాత సుప్రీంకోర్టు ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని జెస్సోర్ రోడ్డు మీద రైల్వే వంతెనల కోసం 356 చెట్లను కొట్టవలసి ఉంది. వాటి అసలు విలువ ఎంతో తేల్చమని న్యాయస్థానం 2020లో ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. చెట్టు వయసును ఏడాదికి 74,500 రూపాయల చొప్పున గుణించాలని ఆ సంఘం చెప్పింది. నూరేళ్లు బాగా దాటిన వృక్షం విలువ కోటి రూపాయలకు పైగా ఉండవచ్చు. మూడు వందల చెట్లకు 220 కోట్లు తేలింది.

అంత పెద్ద అంకె ఆ చెట్లను కాపాడిందా? లేదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, వాటిని తొలగించడానికి హైకోర్టు అంతకుముందు ఇచ్చిన అనుమతినే సమర్థించింది. వంతెనలు లేక రైల్వే గేట్ల దగ్గర ఆగిపోయే అంబులెన్సులూ, జరిగే ప్రమాదాలూ త్రాసులో రెండోవైపు ఉన్నాయి. అవీ ప్రాణాలే. ఆ తీర్పును తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆ అంకె ఎందుకు నిలవలేదన్నదే ఆలోచించదగిన విషయం.

దాని లోపలికి వెళ్లి చూస్తే కారణం కొంత దొరుకుతుంది. ఏడాదికి 74,500 రూపాయలలో 45,000 ప్రాణవాయువు విలువ. అంటే లెక్కలో అయిదింట మూడు వంతులు ఆస్పత్రిలో కొనే ఆక్సిజన్ ధరను పోలిన ధర. కాని గాలిలో ప్రాణవాయువు పాలు సుమారు 21 శాతం. నట్టనడి అడవిలో ఎంతో, నగరంలోని బస్టాండులోనూ దాదాపు అంతే. వీధిలో చెట్టు పోయినంతమాత్రాన ఆ వీధివారికి ప్రాణవాయువు కరువు కాదు. ఎదుటివారు ఒక్క ప్రశ్నతో పడగొట్టగల వాదాన్ని ముందు పెట్టుకోవడం వల్ల చెట్టు పక్షం బలహీనపడుతుంది. చెట్టు ఆ వీధికే, ఆ వీధివారికే చేసే మేలు వేరే ఉంది. అది కొలతకు లొంగేది కూడాను.

మొదటిది చల్లదనం. బెంగళూరు రోడ్ల మీదే జరిగిన అధ్యయనం ఒకటి 2013లో అచ్చయింది. హరిణి నాగేంద్ర, ఆమె సహ పరిశోధకులు చెట్లున్న రోడ్డు భాగాలనూ, లేని భాగాలనూ పక్కపక్కన పెట్టి కొలిచారు. మధ్యాహ్నపు గాలి వేడిలో తేడా 5.6 డిగ్రీల దాకా కనిపించింది. తారు రోడ్డు ఉపరితలంపై ఆ తేడా 27.5 డిగ్రీల దాకా ఉంది. గాలిలోని సల్ఫర్ డయాక్సైడు చెట్లున్న చోట 65 శాతం దాకా తక్కువగా తేలింది. ఇవి సగటులు కావు, గరిష్ఠంగా కనిపించిన తేడాలు. ఇరుకు సందులో కొమ్మలు మరీ దట్టంగా కమ్ముకుంటే వాహనాల పొగ కిందనే నిలిచిపోయే సందర్భాలూ ఉంటాయి. అయినా రోడ్డు ఉపరితలం మీది ఆ ఇరవై ఏడు డిగ్రీల అర్థం, కారు అద్దాలు ఎత్తుకొని పోయేవారికన్నా చెప్పులు లేకుండా తట్టబుట్ట దించుకొని కూర్చునే మనిషికి బాగా తెలుస్తుంది.

ఈ చల్లదనంలో నీడది ఒక పాలు మాత్రమే. మిగతాది ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిది. మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే చుట్టూ ఉన్న వేడిలోంచి సుమారు 0.68 యూనిట్లను లాక్కుంటుంది. వేళ్లకు తడి అందుతున్న పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్లు వదిలిందనుకుంటే, అది 68 యూనిట్ల వేడిని తీసివేసినట్టు. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు మూడున్నర యూనిట్ల వేడిని గదిలోంచి బయటకు తోస్తుంది. అంటే రెండు ఏసీలు పది గంటలు చేసే పని ఆ చెట్టు ఒక పగలు చేస్తుంది. ఏసీ ఆ వేడిని తీసుకెళ్లి పోసేది వీధిలోనే. లోపల కూర్చున్నవారి సుఖానికి బయట నడిచేవారు వేడి రూపంలో చెల్లిస్తారు. చెట్టు చల్లదనం బహిరంగంగా గాలిలో కలిసిపోతుంది కనుక దానిని ఏసీతో సరిగ్గా సమానం అనలేము. కాని కరెంటు బిల్లు లేకుండా జరిగే పని ఎంతటిదో ఊహించడానికి ఈ పోలిక చాలు.

కొత్తిమీర, పాలకూర అమ్ముకునే బండి విషయం చూస్తే ఈ డిగ్రీలు రూపాయలుగా మారే తీరు తెలుస్తుంది. నీడ ఉంటే మధ్యాహ్నమంతా గోనెపట్టా మీద నీళ్లు చిలకరిస్తూ సరుకు నిలుపుకోవచ్చు. నీడ పోతే పన్నెండింటి నుంచి నాలుగింటి దాకా బండి మూయాలి, లేదా వాడిన కట్టలను సగం ధరకు ఇచ్చేయాలి. దుకాణం అద్దెకు తీసుకునే స్తోమత ఉంటే ఆ మనిషి రోడ్డు మీదే ఉండడు. చెట్టు కొట్టిన ప్రతిచోటా ఈ నష్టం జరుగుతుంది. కాని నష్టపరిహారం పట్టికలో దానికి గడి లేదు.

విదేశాల లెక్కలలోనూ ఈ గడి కనిపించదు. న్యూయార్క్ నగరం తన వీధిచెట్లపై ఖర్చుపెట్టే ప్రతి డాలరుకూ 5 డాలర్ల 60 సెంట్ల మేలు తిరిగి వస్తోందని 2007లో తేల్చుకుంది. వృక్షాల మీద ఖర్చు దండగ కాదని చెప్పడానికి ఆ లెక్కను ఇప్పటికీ ఉదహరిస్తారు. అయితే ఆ మేలులో అతి పెద్ద భాగం ఎదుట చెట్టున్నందువల్ల ఇళ్ల ధరలో వచ్చే పెరుగుదల. అది ఇంటి యజమానికి చేరే లాభం. అద్దెకున్నవారికి అదే చెట్టు అద్దె పెరగడానికి ఒక సాకు కావచ్చు. కొత్త అపార్ట్‌మెంట్ల ప్రకటనలలో తోపు, వనం, ఉద్యానం అనే పేర్లు వినిపించేదీ ఇందుకే. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం అన్న మాట ఇంత నేరుగా నిజమయ్యే వ్యాపారం మరొకటి ఉండదేమో. వలస వచ్చి అద్దె ఇళ్లలో ఉండే తెలుగు కుటుంబాలకు చెట్టు లాభం ఇంటి ధర రూపంలో అందదు. నీడగా, నీరుగా, నడిచి వెళ్లగలిగిన దూరంగా మాత్రమే అందుతుంది.

రెండవది నీరు. 2024 వేసవిలో ఈ నగరం పడిన పాట్లు ఎవరూ మరచిపోలేదు. బోర్లు ఎండిపోయాయి; ట్యాంకర్ల ధర చేయి దాటిపోతుంటే జిల్లా యంత్రాంగం పరిమితి విధించవలసి వచ్చింది. అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలని ఆనాడు నిర్ణయించారు. ఆ ధరను దగ్గర పెట్టుకొని వాన లెక్క చూడవచ్చు. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. పన్నెండు మీటర్ల అడ్డకొలత గల చెట్టు పందిరి విస్తీర్ణం 113 చదరపు మీటర్లు. దాని మీద ఏటా పడేది లక్షా పదివేల లీటర్ల వాన, తొమ్మిది ట్యాంకర్లకు పైగా. అందులో కొంత ఆకుల మీదే ఆగి ఆవిరవుతుంది, కొంత నెమ్మదిగా జారుతుంది. అందువల్ల మురుగుకాలువ మీద ఒక్కసారిగా పడే ఒత్తిడి తగ్గుతుంది. అయితే జారిన నీరు భూమిలోకి దిగాలంటే చెట్టు మొదట్లో పాదు ఉండాలి.

ఇక్కడే నగరం తన చేతులతో తన నష్టాన్ని కొనితెచ్చుకుంటోంది. కాలిబాటలకు రాళ్లు పరిచేటప్పుడు మాను దాకా సిమెంటు పోస్తారు. చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు ఉండరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో ఆదేశించింది. ఆ ఒక్క మీటరు విలువ ఎంత? మాను మందం అర మీటరు అనుకుంటే, చుట్టూ తెరిచిన నేల సుమారు 4.7 చదరపు మీటర్లు. దాని మీద నేరుగా పడే వానే ఏడాదికి 4,500 లీటర్లు. ట్యాంకరు ధరలో 375 రూపాయలు. చిన్న అంకెలాగే ఉంటుంది. ఒక వార్డులో వెయ్యి చెట్లకు ఆ పని చేస్తే 45 లక్షల లీటర్ల వానకు నేలలోకి దారి దొరుకుతుంది. ఖర్చు గడ్డపారతో ఒక పూట పని.

పాదు మూసిన చెట్టు మరొక రకంగానూ పగ తీర్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తొలి గాలివానలకు చెట్లు కూలి వాహనాలు నలిగిపోవడం, మనుషులు చనిపోవడం ఏటా వార్తల్లో వస్తుంది. అప్పుడు జనం కోపం చెట్టు మీదికి పోతుంది. కూలిన చెట్టు మొదలు చూస్తే కథ వేరుగా ఉంటుంది. కేబుళ్ల కోసం, కాలువల కోసం తవ్వినప్పుడు ఒక పక్క వేర్లు నరికి ఉంటారు. కరెంటు తీగలకు తగులుతున్నాయని రోడ్డు వైపో, ఇంటి వైపో ఒకే పక్క కొమ్మలు కొట్టి ఉంటారు. కింద ఆధారం తగ్గి, పైన బరువు ఒక పక్కకు ఒరిగిన చెట్టు గాలికి ఎంతసేపు ఆగుతుంది? గుల్‌మొహర్ వంటి పైపై వేళ్ల జాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. చెట్టుతో ఖర్చే లేదని చెప్పడం నిజాయితీ కాదు. రాలిన ఆకు ఊడ్వాలి, మోడువారిన కొమ్మను సమయానికి తీయాలి, లేచిన కాలిబాట రాయిని సరిచేయాలి. ఈ ఖర్చు తప్పించుకున్న ఏడాదే పెద్ద బిల్లు వస్తుంది.

కొట్టిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటుతామన్న హామీ చాలాచోట్ల వినిపిస్తుంది. వినడానికి లాభసాటి బేరంలా ఉంటుంది. పందిరి విస్తీర్ణం అడ్డకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పన్నెండు మీటర్ల పందిరి ఇచ్చే నీడకు సమానం కావాలంటే మీటరు వెడల్పున్న మొక్కలు 144 కావాలి, పది కాదు. పదింటికి పదీ బతికి, ఒక్కొక్కటీ నాలుగు మీటర్ల దగ్గరికి విస్తరించిన నాడు ఆ బేరం సరిపోతుంది. అప్పటికి ఎన్ని వేసవులు గడుస్తాయో చెప్పనక్కరలేదు. పైగా ఆ మొక్కలను నాటేది తరచు ఊరి శివార్లలో. జయనగరంలో పోయిన నీడ దేవనహళ్లి దగ్గర తిరిగి వస్తే జయనగరం ఆటోస్టాండుకు ఏం ఉపయోగం? ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు, కుండీలలోని అలంకార తాళాలను పచ్చదనం కింద లెక్కవేసే అలవాటూ ఇటీవల కనిపిస్తోంది.

మొక్క నాటడం వ్యర్థమని దీని అర్థం కాదు. ఈ నగరం చెట్లను నాటించుకున్న నగరమే. 1908లో లాల్‌బాగ్ బాధ్యతకు వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబీగల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరొక జాతి విచ్చుకునేలా వీధులకు చెట్లు ఎంచాడు. మల్లేశ్వరంలో సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు అని సంపంగి, వేపల పేర్లతోనే వీధులు ఉన్నాయి. 1980ల తొలి సంవత్సరాలలో, నగరం బోసిపోతోందని ముఖ్యమంత్రి గుండూరావు ఆందోళన చెందిన వేళ, అటవీ అధికారి సేతూరామ్ నెగిన్‌హాళ్‌కు ఆ పని అప్పగించారు. ఆయన కొద్ది ఏళ్లలో 15 లక్షల మొక్కలు నాటించారు. వీధివారినే సంరక్షకులుగా చేర్చుకోవడం ఆయన పద్ధతిలోని కీలకం. 2021లో ఆయన కన్నుమూశారు. నేడు నలభై ఏళ్ల వయసులో పందిరి పరిచిన చెట్లలో ఎన్నో ఆనాటివే. ఇప్పుడు కొట్టడానికి గుర్తులు పడుతున్న చెట్లలోనూ ఆనాటివి ఉంటాయి. చెట్టు సరిగ్గా పూర్తి లాభం ఇచ్చే వయసుకు రాగానే దానిని తీసివేయడం, వడ్డీ మొదలైన రోజునే డిపాజిట్టు రద్దు చేసుకోవడం వంటిది.

చట్టం ఏమి ఇస్తున్నదో కూడా తెలిసి ఉండాలి. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976 నాటిది. దాని ప్రకారం మినహాయించిన కొన్ని జాతులు తప్ప, సొంత ఆవరణలోని చెట్టునైనా వృక్షాధికారి అనుమతి లేకుండా కొట్టడం నేరం. ఒక పని కోసం యాభైకి మించి చెట్లు తొలగించవలసి వస్తే బహిరంగ ప్రకటన చేసి ప్రజల అభ్యంతరాలు స్వీకరించాలి. అభ్యంతరం చెప్పడానికి ఆస్తి పత్రం అడగరు. అద్దెకున్నవారూ, తోపుడుబండివారూ చెప్పవచ్చు. 2016లో ఉక్కు వంతెన కోసం 812 చెట్లను తీయబోతున్నారని తెలిసినప్పుడు జనం చేయీ చేయీ పట్టుకొని రోడ్డు పక్కన వరుసగా నిలిచారు. మరుసటి ఏడాది మార్చిలో ప్రభుత్వం ఆ ప్రతిపాదననే విరమించుకుంది. జెస్సోర్ రోడ్డులో కోట్ల అంకె చేయలేని పని ఇక్కడ ఆ రోడ్డును వాడుకునేవారు చేశారు.

అభ్యంతరం రాసేటప్పుడు "మా వీధిలో చెట్లు కొట్టవద్దు" అన్న ఒక్క వాక్యంతో ఆగకుండా, ఏ చెట్టు, మాను చుట్టుకొలత ఎంత, దాని కింద ఎవరెవరు పని చేసుకుంటున్నారు, మధ్యాహ్నం ఎంతమంది నిలబడతారు అన్నది రాస్తే అధికారికి జవాబు చెప్పక తప్పని కాగితం అవుతుంది. కొలతకు దర్జీ టేపు చాలు. నేల నుంచి గుండె ఎత్తున చుట్టి చూస్తే సరి.

చెట్టు పేరు దగ్గర తెలుగువారు కొందరు తడబడతారు, దరఖాస్తు కన్నడంలో ఉంటుంది కనుక. కానుగను ఇక్కడ హొంగె అంటారు. వేప బేవు, రావి అరళి, మర్రి ఆల, మేడి అత్తి. చింతను హుణసె అని, నేరేడును నేరళె అని, పనసను హలసు అని రాయాలి. సంపంగి సంపిగె అవుతుంది. తోపు మాత్రం రెండు భాషల్లోనూ తోపే.